మంజులమ్మ సైలెన్సర్

కాఫీ చల్లారేలోపు మూడు బోల్టులు ఊడదీసి, కారు కింద ఉన్న పాత సైలెన్సర్ దించి, కొత్తది బిగించేయాలి. తర్వాత తలస్నానం, పది గంటలకు ప్రయాణం. ఆ రోజు పొద్దున శ్రీరంగప్ప వేసుకున్న లెక్క ఇంతే. తమిళ సరిహద్దులోని సూళగిరి పారిశ్రామికవాడలో బతుకంతా ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషికి మూడు బోల్టులు ఒక లెక్కా? పళ్ళు తోముకుంటూ చేసే పని. అంత చిన్న పని కాబట్టే రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అంటూ మూడేళ్లు గడిపాడు. గుర్తుచేసే మనిషి పోయి ఆ రోజుకు ఏడాది నిండింది.

ఆమె మంజులమ్మ, శ్రీరంగప్ప భార్య. కారు కూడా ఆమె పేరు మీదే ఉంది. ఆడమనిషి పేరున కొంటే వస్తువు నిలుస్తుందని కొన్ననాడు ఎవరో చెప్పారు. వస్తువైతే నిలిచింది.

సైలెన్సర్‌కు తుప్పుపట్టి చిల్లి పడ్డప్పటి నుంచి ఆ కారు చేసే చప్పుడు అంతా ఇంతా కాదు. శ్రీరంగప్ప బజారు మలుపు తిరిగాడంటే వీధి చివర పడుకున్న కుక్కలు కూడా లేచి పక్కకు జరిగేవి. "నువ్వు వచ్చేది సూళగిరంతా తెలుస్తా ఉండాది. పక్కన కూచోవాలంటే నాకు తల ఎత్తుకునేదానికి లేదు. ఆ సైలెన్సర్ మార్చేయయ్యా," అని మంజులమ్మ మొత్తుకునేది. "మెకానిక్కుకు ఇచ్చేద్దాం," అనేది. అక్కడే శ్రీరంగప్పకు పౌరుషం పొడుచుకొచ్చేది. "ఫిట్టరు ఇంటి కారు మెకానిక్కు కాడికి పోయిందంటే నలుగురూ నవ్వుతారు. నేనే చేస్తాను, గమ్మునుండు," అనేవాడు. నలుగురి సంగతేమో గాని, ఆమె మాత్రం నవ్వేది కాదు.

ప్రతి ఆదివారం ఇద్దరూ ఆ కారులోనే వేప్పనపల్లి దగ్గరున్న మామిడితోపుకు పోయేవాళ్ళు. కారు ఆగీ ఆగకముందే మంజులమ్మ దిగి, క్యారియరు తెరిచి, ముందు ఒక పిడికెడు అన్నం గట్టు మీద కాకులకు పెట్టేది. "ముందు మొగుడికి పెట్టాల," అని శ్రీరంగప్ప గొణిగేవాడు. "కాకులు నీ మాదిరి మాట తప్పేవి కావులే," అనేది ఆమె.

ఆమెను ఆ తోపులోనే మట్టి చేశారు. పదో రోజున సమాధి మీద ఆకు వేసి, ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించి, అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అది ఏమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. సరైన మాట పడితే కాకి వస్తుంది. ఆ రోజు రాలేదు. మంజులమ్మ అక్క పాపక్క, "నీ బిడ్డను నా బిడ్డ మాదిరి చూసుకుంటానే," అంది. కూతురు నందిత, "నాయిన్ను ఒంటిగా విడవనమ్మా," అంది. పాపక్క కొడుకు చెన్నకేశవ, తోపుకు బోరు వేయిస్తానన్నాడు. ఒక్క కాకి కూడా కొమ్మ దిగలేదు.

శ్రీరంగప్పకు ఆ మాట గొంతు దాకా వచ్చింది. సైలెన్సర్ మారుస్తానే మంజులా, అనాలి. కానీ అంతమంది బంధువుల మధ్య, సమాధి ముందు, సైలెన్సర్ అని ఎలా అంటాడు? నవ్వుతారని సిగ్గుపడి నోరు మూసుకున్నాడు. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టేశారు. అందరినీ తన కొత్త కారులో తీసుకొచ్చిన చెన్నకేశవే మళ్ళీ ఎక్కించుకుని పోయాడు. ఆ కారుకు చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దంలో కూర్చుని శ్రీరంగప్ప ఒక్కటే అనుకున్నాడు: ఆమె ఆకలితో పోయింది, నా వల్లనే పోయింది.

ఏడాదంతా ఆ మాట ఆయన కడుపులో ఉండిపోయింది. తోపు వైపు మళ్ళీ పోలేదు. కారు వాకిట్లోనే ఉంది. నెల కిందట హోసూరు పోయి కొత్త సైలెన్సర్ తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. రోజూ వంగి చూసేవాడు, మళ్ళీ లోపలికి తోసేవాడు. బిగించేస్తే ఆమె చెప్పిన ఆఖరి పని కూడా అయిపోతుంది, ఇంక ఆమె కోసం చేయడానికి ఏమీ మిగలదు. అందుకే చివరి పొద్దు దాకా ఆగాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

సరే. కారును జాకీ మీద లేపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, గోనెసంచి పరుచుకుని శ్రీరంగప్ప వెల్లకిలా కిందికి దూరాడు. గొట్టాలు రెండూ కలిసే చోట మూడు బోల్టులు. చూస్తే అవి బోల్టుల్లా లేవు, బెల్లంపాకంలో ముంచి తీసిన వేరుశెనగ గింజల్లా ఉన్నాయి. స్పానరు తగిలించి లాగాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. స్పానరు జారి, వేలి కణుపు వెళ్ళి ఇనుముకు కొట్టుకుంది. నట్టు అంచులు మాత్రం నున్నగా అరిగాయి.

తుప్పు వదిలించే నూనె డబ్బా చూస్తే అందులో చుక్క లేదు. అంగళ్ళు తెరవలేదు. శ్రీరంగప్ప పిల్లిలా వంటింట్లోకి వెళ్ళాడు. ఏడాది తిథి కోసం ముందురోజే వచ్చిన నందిత, కావలసినవన్నీ గట్టు మీద వరసగా పెట్టుకుంది. దీపానికి నువ్వుల నూనె, చిత్రాన్నానికి నిమ్మకాయలు, కర్పూరం, టెంకాయ. ఆ పిల్ల పొయ్యి వైపు తిరిగి వడలు వేస్తోంది. నూనె నూనే కదా అనుకుని ఆయన నువ్వుల నూనె సీసా చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

నూనె పోసి సుత్తితో నాలుగు తట్టేసరికి పక్కింటి శరవణన్ లేచి వచ్చాడు. గులాబీలు పెంచే షెడ్డులో పని అతనిది. పుట్టుక తమిళమైనా తెలుగు బాగానే మాట్లాడతాడు, సలహాలు అంతకన్నా బాగా ఇస్తాడు. వంగి, కారు కింద ఉన్న మొహాన్ని చూసి, ఫోను తీశాడు.

"అన్నా, నూనెకు పోదు. ఈ వీడియో చూడు. పులుపు పోస్తే తుప్పు కరిగిపోతాదంట."

"పులుపుకు యాడ పోయేది ఇప్పుడు?"

"నిమ్మకాయ లేదా ఇంట్లో?"

ఉంది. గట్టు మీద వరసగా ఉంది. ఈసారి శరవణనే పోయి, "అక్కా, రెండు నిమ్మకాయలు," అని నాలుగు తెచ్చాడు. వేడినూనె ముందు నిలబడ్డ నందిత తల తిప్పకుండానే సరేనంది. నిమ్మకాయలు కోసి పిండారు. పిండిన చెక్కలు ఒకటొకటే దొర్లుకుంటూ పోయి చక్రాల కింద ఆగాయి. బోల్టులు పులుపు తాగి, నూనె తాగి, ఉన్నచోటే కూర్చున్నాయి.

"కాచాల," అన్నాడు శ్రీరంగప్ప. "వేడి తగిలితే నట్టు ఉబ్బుతాది, పట్టు వదుల్తాది. ఫ్యాక్టరీలో ఐతే గ్యాసు మంట పెట్టేటోళ్ళం."

గ్యాసు మంట ఇంట్లో ఎక్కడిది? శరవణన్ మళ్ళీ లోపలికి పోయి కర్పూరం పొట్లంతో వచ్చాడు. ఆలోచన ఎవరిదని తర్వాత అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. రేకుముక్క మీద కర్పూరం బిళ్ళలు పేర్చి వెలిగించి నట్టు కింద పట్టారు. మంట ఎర్రగా లేచింది, పొగ నల్లగా లేచింది. కారు కింద నుంచి శ్రీరంగప్ప బోల్టును సన్నగా, ఎడతెగకుండా తిడుతున్నాడు. దూరం నుంచి వినేవాళ్ళకు మంత్రం చదువుతున్నట్టే ఉంది.

దూరం నుంచి వింటున్నది ఎదురింటి తిమ్మక్క. మిరపకాయలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కింది. ఆమె పుట్టిల్లు, పాపక్క అత్తిల్లు ఒకే ఊళ్ళో, వేప్పనపల్లిలో. మిద్దె మీది నుంచి ఆమెకు కనిపించినవి ఇవి: నిన్న సాయంత్రం కడిగిన కారు తళతళలాడుతోంది. బానెట్ మీద తట్టలో కొత్త చీర, గాజులు, పూలు ఉన్నాయి. సమాధి మీద పెట్టాల్సినవి మరిచిపోకూడదని నందిత పొద్దున్నే అక్కడ పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు, కింద కర్పూరం వెలుగు, పైగా మంత్రం.

అప్పుడే స్పానరు కింద నట్టు కదిలింది. పావు చుట్టు తిరిగింది. "తిరిగింది, తిరిగిందప్పా," అన్నాడు శ్రీరంగప్ప. చేతికి అది మెత్తగా తగిలింది. అంత మెత్తగా తిరిగితే నట్టు వదిలినట్టు కాదని, బోల్టు లోపల మెలిపడుతోందని ఆయన చేతికి తెలుసు. మనసుకు మాత్రం వినబుద్ధి కాలేదు. శరవణన్ ఆనందం పట్టలేక లోపలికి పరిగెత్తి టెంకాయ తెచ్చి కారు ముందు రాయి మీద కొట్టాడు. మొండికేసిన మోటారు కదిలితే వాళ్ళ షెడ్డులో అది ఆనవాయితీ. తిమ్మక్కకు ఇంక అనుమానం లేకపోయింది. మిరపకాయలు వదిలేసి పాపక్కకు ఫోన్ చేసింది.

టెంకాయ చప్పుడుకు నందిత బయటికి వచ్చింది. కారు కింద మంట, మంట పక్కన తండ్రి కాళ్ళు, ఆ పైన పెట్రోలు ట్యాంకు. ఆమె స్నానానికి కాగిన నీళ్ళ బకెట్టు తెచ్చి కారు కిందికి కుమ్మరించింది. మంట ఆరింది. శ్రీరంగప్ప తలస్నానం కూడా అక్కడికి అయిపోయింది.

"నాయినా, నూనె యాడ?"

ఆయన బోల్టు వైపు చూపించాడు.

"నిమ్మకాయలు? కర్పూరం?"

ఆయన అటే చూపించాడు. టెంకాయ సంగతి చెప్పే పని లేకపోయింది. శరవణన్ రెండు చేతుల్లోనూ చెరో చిప్ప ఉంది.

అంతలో ఫోన్ మోగింది. పాపక్క. నందిత స్పీకరు పెట్టింది. "ఏమే, మీ నాయిన కొత్త కారు కొన్నాడంట గదా," అంది పాపక్క. ఆమె గొంతులో ఏడుపు ఉంది. "నా చెల్లెలి తిథినాడే పూజ చేసుకుంటా ఉండాడంటనే. బానే ఉండాది. చేసుకోనీ." పెద్దమ్మా, అది కాదు, అనేలోపు పెట్టేసింది. తిమ్మక్క చెప్పింది బండికి పూజ అని, బానెట్ మీద కొత్త చీర ఉందని మాత్రమే. పాతబండికి ఎవరైనా పూజ చేస్తారా అని పాపక్కే ఆలోచించి, కొత్తది కొనిపెట్టింది.

శ్రీరంగప్ప తిరిగి ఫోన్ చేశాడు. తీయలేదు. రెండోసారి ఫోన్ వచ్చింది. ఈసారి చెన్నకేశవ. "నందితా, చిన్నాయన కొత్త కారేసుకోని తిరపతికి పోతా ఉండాడంట గదా. ఈడికి రాడంట గదా. అమ్మ వంట చేసేసింది. మీకోసం కాచుకునేది లేదు, ఆకు మేమే వేసేస్తామంటా ఉండాది." కొత్త కారుతో ముందు తిరుపతికి కాక ఇంకెక్కడికి పోతారని ఆ ఇంట్లో తేలిపోయింది. నందిత నోరు తెరిచేలోపు అతను గొంతు తగ్గించి అడిగాడు. "బానెట్ మీద కొత్త చీర ఎవరికి? చిన్నాయన మళ్ళీ పెళ్ళి గిళ్ళి..."

"అన్నా, ఆ చీర మా అమ్మకు," అంది నందిత, ఫోన్ పెట్టేసింది.

శ్రీరంగప్ప మొహం చూస్తే శరవణన్‌కు కూడా సలహా ఇవ్వబుద్ధి కాలేదు. ఆకు వాళ్ళే వేసేస్తారట. ఆయన లేకుండా, ఆ మాట చెప్పకుండా. కాకి మళ్ళీ రాదు. మంజులమ్మ రెండోసారి కూడా ఆకలితో తిరిగిపోతుంది. ఆయన స్పానరుకు ఇనుపగొట్టం తొడిగి, కాళ్ళు రెండూ చక్రానికి తన్నిపెట్టి లాగాడు. టప్పుమని ఒక బోల్టు తెగింది. రెండోదానికి తొడిగి లాగాడు. అదీ తెగింది. తెగిన ముక్కలు రంధ్రాల్లోనే ఉండిపోయాయి. ఇంక కొత్త సైలెన్సర్‌కు బోల్టు పెట్టే చోటే లేదు. మూడోది తెగలేదు, తిరగలేదు. దానికి బదులు, తుప్పుపట్టిన పాత గొట్టమే మెడ దగ్గర విరిగి, సైలెన్సర్ మొత్తం దబ్బుమని ఆయన పక్కన పడింది.

ఆయన బయటికి రాలేదు. నందిత వంగి చూసింది. తండ్రి ఆ పాత సైలెన్సర్ పక్కన వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెంపల మీద మసి, మసి మీద నీటి చారలు.

"నాయినా, పోనీ లే. టాక్సీ పిలుస్తాను. ఈ దినమే ఏమిటికి ఇది పెట్టుకున్నావు?"

"మీ అమ్మ అడిగింది," అన్నాడు ఆయన. "రెండేండ్లు అడిగింది. ఇదొకటే అడిగింది. మీరంతా ఏమేమో మాటిచ్చినారు ఆ పొద్దు, కాకి రాలే. నాకు తెల్సు ఏమి అడగతా ఉండాదో. సిగ్గయి చెప్పలే. నలుగురూ నవ్వుతారని నోరు మూసుకోని నిలబడినాను. మీ అమ్మ కడుపు మాడ్చుకోని పోయింది."

నందిత గోనెసంచి మీద కూలబడింది. ఏడాదిగా ఆమె కూడా ఒకటి మోస్తోంది. ఒంటిగా విడవనన్న తండ్రిని విడిచి తన ఊరికి పోయి, వారానికోసారి ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి పెట్టేసేది. కాకి తన మాట నమ్మలేదని ఆమె అనుకుంది. అమ్మకు తన సంగతి తెలుసు కాబట్టే రాలేదని అనుకుంది. ఆ మాట ఇప్పుడు పైకి అనేసింది కూడా. కారు కింద ఒకరు, కారు పక్కన ఒకరు, ఇద్దరూ కాసేపు ఏడ్చారు. శరవణన్ టెంకాయ చిప్పలు పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బండి పోతాదా?" అంది చివరికి నందిత.

"పోతాది. ఇంజనుకేమి? చప్పుడే, రవ్వంత ఎక్కువగా ఉంటాది."

"టాక్సీ వచ్చేలోపు ఆడ అంతా అయిపోతాది. దీంట్లోనే పోదాం. నువ్వే చెప్పు అమ్మకు, ట్రై చేసినానని."

రవ్వంత అన్నాడు గాని, సైలెన్సరే లేని కారు తాళంచెవి తిప్పగానే తిమ్మక్క మిద్దె మీద మిరపకాయల చేట కింద పడేసుకుంది. బజారులో టీ అంగడి ముందు మనుషులు గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. వేప్పనపల్లి దారి పట్టాక ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతూ రెండు ముక్కలైపోయింది. సగం అటు, సగం ఇటు. కాపరి కర్ర ఎత్తి ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడే మార్గం లేదు. ఆ చప్పుడులో లోపల కూడా ఏమీ వినపడలేదు. దారి పొడుగునా శ్రీరంగప్ప పైకే ఏడ్చాడు. పక్కన కూర్చున్న కూతురు కూడా ఏడ్చింది. ఒకరి ఏడుపు ఒకరికి వినపడకుండా ఆ కారు కాపాడింది.

తోపు కనపడే మలుపు దగ్గరికి వచ్చేసరికి దూరంగా మనుషులు కనిపించారు. సమాధి మీద ఆకు వేసేసి ఉంది. అందరూ వెనక్కి జరిగి నిలబడి ఉన్నారు. పాపక్క చేతులు జోడించి ఏదో అంటోంది. మాట మీద మాట ఇస్తోందని ఆమె పెదవులు చూస్తేనే తెలుస్తోంది. ఆకు దగ్గర ఒక్క కాకి లేదు.

మలుపు తిరిగారో లేదో, మామిడిచెట్ల మీది నుంచి కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. శ్రీరంగప్ప బ్రేకు తొక్కాడు. ఉన్నవాటిని కూడా తన కారే బెదరగొట్టింది. సైలెన్సర్ మార్చని పాపం ఇంత దూరం వెంటబడి వచ్చిందనుకున్నాడు. గబగబా తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. తోపంతా మూగబోయింది. కాకులు గాలిలో ఒక చుట్టు తిరిగి, దిక్కుతోచనట్టు మళ్ళీ కొమ్మల మీదికి పోయాయి.

పాపక్క కోపంగా వచ్చింది. కారు దగ్గర ఆగింది. మసిబారిన మరిదిని, సొట్టపడిన పాత తలుపును, దాని మీద చెల్లెలు ఎప్పుడో అంటించిన వెంకటేశ్వరస్వామి బొమ్మను చూసింది.

"ఇదేనా నీ కొత్త కారు?" అంది.

"సైలెన్సర్ మారుస్తామని చూసినాను వదినా," అన్నాడు శ్రీరంగప్ప.

నందిత వాళ్ళ మాటలు వినడం లేదు. ఆమె గట్టు వైపు చూస్తోంది. ఒక ముసలి కాకి కొమ్మ దిగి, సమాధి వైపు కాకుండా, కారు ఎప్పుడూ ఆగే చోట గట్టు మీదికి వచ్చి వాలింది. తల పక్కకు వంచి కారును చూస్తోంది. ఆదివారం అమ్మ పిడికెడు అన్నం పెట్టే చోటు అది.

"నాయినా, మల్లా స్టార్ట్ చేయి."

"వద్దమ్మా, ఉన్నవి కూడా పోతాయి."

"చేయి నాయినా. ఆ పొద్దు మనం కేశవన్న కారులో వచ్చినాము. అమ్మ వచ్చినట్టు వాటికి ఎట్ల తెలుస్తాది?"

శ్రీరంగప్పకు ఆ మాట ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. తాళంచెవి తిప్పాడు. సైలెన్సర్ లేని ఇంజను తోపు దద్దరిల్లేలా అరిచింది. చెన్నకేశవ చెవులు మూసుకున్నాడు. కొమ్మల మీది కాకులన్నీ బిలబిలమంటూ దిగాయి. కారు మీద వాలాయి, గట్టు మీద వాలాయి. గట్టు మీద అన్నం లేకపోయేసరికి ముసలి కాకి చుట్టూ చూసింది. ఎగిరి సమాధి మీదికి పోయింది. ఆకులో చిత్రాన్నం ముట్టింది. మిగతావి దాని వెనకే పోయాయి.

ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే వినపడదు. శ్రీరంగప్ప ఇంజను ఆపకుండానే దిగి, సమాధి వైపు చేతులు జోడించాడు. ఏడాది కిందట గొంతులో ఆగిపోయిన మాటకు బదులు వేరే మాట వచ్చింది.

"మార్చనులే మంజులా," అన్నాడు, గట్టిగా, అందరికీ వినపడాలని. "మార్చను. తిను."

ఎవరూ నవ్వలేదు. పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆకు ఖాళీ అయి, ఇంజను ఆపాక, ఆమె మరిది పక్కన గట్టు మీద కూర్చుంది. "నోరు తెరిస్తే ఆ చప్పుడును తిట్టేది. నాతో ఫోన్‌లో ఎంత మాట్లాడతా ఉన్నా, ఆ చప్పుడు వినపడితే మాత్రం, అక్కా, మా ఆయన వచ్చినాడు, అన్నం ఎసరు పెట్టాల అని పెట్టేసేది. నా మాట సగంలోనే ఉండేది." ఇంకొంచెం సేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "కొత్త కారనుకుంటినప్పా. మనసులో పెట్టుకోవద్దు," అంది. ఆ తర్వాత తిమ్మక్కకు ఫోన్ చేసి ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తండ్రీకూతుళ్ళు తిరుగు ప్రయాణం కట్టారు. ఏడాది తర్వాత శ్రీరంగప్ప కడుపునిండా తిన్నది ఆ రోజే. సూళగిరి దగ్గర రోడ్డు పక్కన పోలీసు జీపు ఉంది. జీపు కనపడకముందే వీళ్ళు వాళ్ళకు వినపడ్డారు. ఒక పోలీసాయన రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు. కారు చుట్టూ తిరిగి, వంగి కిందికి చూసి, అక్కడ ఉండాల్సింది లేదని గమనించి, నంబరు ఫోన్‌లో కొట్టాడు. తమిళంలో మొదలుపెట్టి, వీళ్ళ మాట విని తెలుగులోకి దిగాడు.

"ఓనరు మంజులమ్మ అని ఉండాది. ఎవరు?"

"మా ఇంటామె సార్."

"యాడ ఉండారు?"

శ్రీరంగప్ప వెనక్కి తిరిగి వేప్పనపల్లి దిక్కు చూపించాడు. "ఆడ్నే, తోపులో. ఇప్పుడే అన్నం పెట్టి వస్తా ఉండాము."

"ఇంత చప్పుడు చేసుకోని తిరిగితే రోడ్డులో మనుషులు ఎట్ల పోవాల? బండి ఆమె పేరు మీద ఉండాది గదా. ముందు పోయి సైలెన్సర్ మార్చమని ఆమెకు చెప్పండి."

"నేను మారుస్తాననే అంటిని సార్," అన్నాడు శ్రీరంగప్ప. "ఆమే వద్దనింది."